జీతం అడుగుతున్నాం, గది సంగతో?

చిలమత్తూరు, లేపాక్షి మండలాల్లోని మనవాళ్లు హిందూపురంలో అద్దె ఇల్లు చూసుకోవలసి వస్తే ఎన్ని ఆరాలు తీస్తారో అందరికీ తెలిసిందే. కుళాయి ఎన్ని రోజులకొకసారి వస్తుంది, మేడ మీద ఎవరుంటారు, పక్కింటివాళ్లు ఎలాంటివాళ్లు, మస్జిదు ఎంత దూరం, ఆడపిల్ల సాయంత్రం బడి నుంచి ఒంటరిగా రాగలదా అని పదిమందిని అడుగుతారు. ఇక పిల్లనిచ్చే ముందైతే పెళ్లికొడుకు మొహల్లా మొహల్లా అంతా తిరిగి వాకబు చేస్తారు. అదే ఇంట్లోని కుర్రవాడు కువైట్‌కో దుబాయికో బయలుదేరుతున్నాడంటే మాత్రం రెండే ప్రశ్నలు. వీసాకు ఎంత? జీతం ఎంత? వాడు అక్కడ ఏ పేటలో ఉంటాడు, ఆ గదిలో ఎందరు పడుకుంటారు, ఆ మేడకు మెట్లు ఎన్ని వైపుల ఉన్నాయి అని అడిగే తండ్రి నూటికొకడు కూడా కనబడడు.

దేవనహళ్లి దగ్గర 2008లో విమానాశ్రయం తెరిచాక మన ప్రాంతానికి గల్ఫ్ మరీ చేరువైంది. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే గంటన్నర లోపే విమానం దగ్గరుంటాం. వెనుకటి తరం బొంబాయి దాకా రైల్లో పోయి, ముసాఫిర్‌ఖానాల్లో రోజుల తరబడి పడిగాపులు పడి, తమకంటే ముందు వెళ్లివచ్చినవారి నోటి నుంచి నాలుగు సంగతులు విని మరీ ఓడో విమానమో ఎక్కేది. ఇప్పుడు ఆ ఆలస్యం లేదు, ఆ వినడమూ లేదు. పొద్దున ఊళ్లో టీ తాగినవాడు రాత్రికి ఫర్వానియాలో ఇనుప మంచం మీద పడుకుంటున్నాడు. ఆ మంచం ఎక్కడ ఉందో ఎక్కే ముందు అతనికీ తెలియదు, సాగనంపినవారికీ తెలియదు.

పనిలో గడిచేది పది, పన్నెండు గంటలు. తక్కిన బతుకంతా ఆ గదిలోనే. జ్వరమొస్తే అక్కడే, సహరీ అక్కడే, ఇంటికి ఫోను చేసేదీ అక్కడే. మరి ఆ గదిని అల్పవిషయంగా ఎందుకు వదిలేస్తున్నాం?

వదిలేస్తే ఏమవుతుందో 2024 జూన్ 12న లోకమంతా చూసింది. బక్రీదు ఇంకా నాలుగు రోజులుందనగా, తెల్లవారుజామున కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులుండే ఒక భవనం అంటుకుంది. సుమారు యాభై మంది చనిపోయారు. అందులో 45 మంది భారతీయులు, వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వారు. కింది అంతస్తులోని కాపలాదారు గదిలో కరెంటు షార్ట్ సర్క్యూట్ అయిందని అధికారులు చెప్పారు. గదికీ గదికీ మధ్య అడ్డుగా పెట్టినది ఇట్టే మండే సరుకు కావడంతో నల్లటి పొగ క్షణాల్లో మేడంతా కమ్మింది. నిద్రలోంచి లేచి కిందికి దిగబోయినవారు మెట్ల మీదే ఊపిరాడక కూలిపోయారు. డాబా మీదికి పోదామంటే తలుపుకు తాళం. వాళ్లెవరూ ఆ మేడను ఎంచుకున్నవారు కారు, కంపెనీ పెట్టిన చోట ఉన్నారు. అయినా డాబా తలుపు తాళం సంగతి ఒక్కరు ముందుగా అడిగి ఉంటే, అడిగినవాడి మాట వినే ఏర్పాటు ఒకటి ఉండి ఉంటే అన్న ఆలోచన రాక మానదు.

మౌత్ రాసిపెట్టి ఉంటే ఎక్కడైనా వస్తుంది, దానికి మేడ మెట్లు లెక్కపెట్టడమెందుకు అనే పెద్దలు మనలో ఉన్నారు. ఒంటెను వదిలేసి అల్లాహ్ మీద భారం వేయనా, కట్టేసి వేయనా అని ఒక ఎడారివాసి అడిగినప్పుడు దైవప్రవక్త ముహమ్మద్ (స) ముందు కట్టెయ్యమన్న సంగతి వారికి నేను గుర్తు చేయనక్కర్లేదు. ప్రతి జుమాకూ వినేదే.

కంపెనీ క్యాంపులో ఉండేవాడికి ఎంపిక లేదు, సరే. గదిని సొంతంగా చూసుకునేవారు కూడా వేలల్లో ఉన్నారు. దుకాణాల్లో, హోటళ్లలో, గ్యారేజీల్లో, బయట పనుల్లో ఉండేవాళ్లు. వీరికి చేతిలో ఉన్న లెక్క ఒక్కటే, ఇంటికి ఎంత మిగులుతుంది అన్నది. ఆ లెక్కను నేను తప్పుపట్టను. అప్పు చేసి వీసా కొన్నవాడు, చెల్లెలి పెళ్లి నెత్తినున్నవాడు అద్దె దగ్గర చెయ్యి బిగించడం సహజం. అందుకే దేరాలోనో, సత్వాలోనో ఒక ఫ్లాటు తీసుకుని, చెక్కలతో గళ్లు గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో ఒకదాని మీదొకటి మంచాలు వేసి అద్దెకిచ్చే బెడ్‌స్పేసు వ్యాపారం అంతగా పెరిగింది. షార్జాలో అద్దె తక్కువని అక్కడ ఉండి దుబాయిలో పనికి పోయేవాడు మిగిల్చిన డబ్బును రోజూ బస్సుల్లో, ట్రాఫిక్‌లో నిద్ర రూపంలో కట్టేస్తున్నాడు. అసర్ బస్సులో, మగ్రిబ్ బస్సులో. ఈ లెక్క అద్దె కాగితం మీద కనబడదు.

ఇలాంటి గళ్ల గదుల్లో ఇంకో చిక్కుంది. అవి చట్టానికి ఆగవు. 2022లో దుబాయి భూవ్యవహారాల శాఖ ప్రతి ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారో నమోదు చేయమంది. 2025 జూన్‌లో రిగ్గా, మురఖ్ఖబాత్, బర్షా, సత్వా, రఫా పేటల్లో మున్సిపాలిటీ తనిఖీలు జరిపి అనుమతి లేని అడ్డుగోడల మీద విరుచుకుపడింది. అప్పటిదాకా చవగ్గా దొరికింది కదా అని సంతోషించినవాడు ఒక్కరోజులో పెట్టె సర్దుకుని ఇంకో మంచం వెతుక్కోవలసి వచ్చింది. కువైట్‌లో కుటుంబాలకు కేటాయించిన పేటల్లో, సకన్ ఖాస్ అంటారు, ఒంటరి మగవాళ్లు ఉండకూడదు. తెలిసీ ఉంటే మున్సిపాలిటీవారు కరెంటు తీసేస్తారు. ఆగస్టు ఎండలో కువైట్‌లో కరెంటు లేని గది అంటే ఏమిటో ఉన్నవాడికే ఎరుక. ఖతర్‌లోనూ 2010 నుంచి ఇదే తీరు చట్టం ఉంది. పైగా కువైట్‌లో సివిల్ ఐడి మీద ఉన్న అడ్రసులో మనిషి నిజంగా ఉండాలి. 2024లో అక్కడి పౌర సమాచార సంస్థ కూలిపోయిన మేడల అడ్రసులు, యజమాని లేడన్న వారి అడ్రసులు వందల సంఖ్యలో కొట్టేసింది. గడువులోగా కొత్త అడ్రసు ఇవ్వకపోతే 100 దీనార్ల దాకా జరిమానా. స్నేహితుడి అడ్రసు మీద కార్డు తీసుకుని వేరేచోట మంచం తీసుకున్న మనవాళ్లు ఎందరో! కాబట్టి గది చూడబోయినప్పుడు మొదట అడగవలసిన మాట, ఈ అడ్రసు నా పేరున రాయిస్తారా అని. రాయించను అన్నాడంటే ఆ గది మన కోసం కాదు, ఎంత చవకైనా సరే.

ఇక మనవాళ్లలో పాతుకుపోయిన మాట ఒకటుంది. ఎక్కడ ఉండాలంటే మనోళ్లున్న చోట ఉండాలి అని. కువైట్‌లో ఫర్వానియా, ఖైతాన్, జలీబ్‌లోని అబ్బాసియా, హసావి, అటు మహబూలా, మంగఫ్. రాగిపిండి దొరికే బఖాలా ఉంది, తెలుగు మాట వినిపిస్తుంది, రాయచోటివాడో కదిరివాడో కింది అంతస్తులో ఉన్నాడు అంటే చాలు, ఇంక చూడరు. దీనిలో మేలు లేదనను. జబ్బుపడితే అన్నం వండిపెట్టేవాడు, జనాజా అయితే కాగితాలకు తిరిగేవాడు, 1990 ఆగస్టులో ఇరాక్ సేనలు కువైట్‌లోకి వచ్చినప్పుడు కలిసి అమ్మాన్ దాకా నడిపించినవాడు మనవాడే. ఆనాడు లక్షా డెబ్బయి వేలకు పైగా భారతీయులు విమానాల్లో తిరిగొచ్చారంటే, అలా ఒకరినొకరు పట్టుకుని ఉండబట్టే.

కాని గుంపుగా ఒకేచోట చేరడంలోని కష్టం కూడా ఒకసారి బయటపడింది. 2020 ఏప్రిల్ 6న కరోనా వేళ కువైట్ ప్రభుత్వం జలీబ్‌నూ మహబూలానూ పూర్తిగా మూసేసింది. లోపలివారు బయటికి రాకూడదు. సుమారు మూడు నెలలు. పక్క పేటలో ఉన్నవాడు జీతానికి పోతుంటే ఇక్కడివాడు కిటికీలోంచి ముళ్లకంచెను చూస్తూ కూర్చున్నాడు. ఒక్కో గదిలో అంతమంది ఉన్నచోట రోగం ఎలా పాకుతుందో చెప్పనక్కర్లేదు.

ఇంతకంటే చేదు సంగతి ఒకటి చెప్పాలి. ఎవరూ రాయరు గనుక నేను రాస్తున్నాను. ఆ చెక్క గళ్లు కొట్టించేది, రెండు గదుల ఫ్లాటులో పన్నెండుమందిని కుక్కేది, కిటికీకి అడ్డంగా మంచం వేయించేది చాలాసార్లు అరబ్బువాడు కాదు. మన జిల్లావాడే. ముందుగా వెళ్లి, అరబ్బీ నేర్చుకుని, ఫ్లాటు తన పేరున రాయించుకుని, తర్వాత వచ్చినవారి దగ్గర మంచానికింత అని వసూలు చేసేవాడు. ఊరొచ్చినప్పుడు మస్జిదుకు పంకాలిస్తాడు, ఇఫ్తారు పెడతాడు, మనం మొదటి వరుసలో కూర్చోబెడతాం. అందరూ అలాంటివారని కాదు. తనకు మిగలకపోయినా కొత్తవాడికి మంచమిచ్చి నెలల తరబడి అద్దె అడగని మహానుభావులనూ ఎరుగుదుం. కాని మొదటి రకం వారిని ఒక్క మాట అడగాలి. ఎవరి కీడు నుంచి పొరుగువాడు నిశ్చింతగా ఉండలేడో అతని విశ్వాసం గురించి దైవప్రవక్త (స) మూడుసార్లు ప్రమాణం చేసి చెప్పిన హదీసు మీరు విననిది కాదు. మీ అద్దెదారు మీ పొరుగువాడు. మీ చెక్క గోడ మండితే అతనికి దారేది? ఆ మంచం డబ్బుతో వచ్చిన పంకా కింద మేము నమాజు చేస్తున్నాం గనుక అడిగే హక్కు మాకుంది.

హిజ్రత్ చేసి మదీనా చేరినవారూ పరాయి ఊళ్లో చోటు వెతుక్కున్నవారే. మక్కావారందరినీ ఒకే వాడలో కుదించి వారి మానాన వారిని వదిలేయలేదు. ఒక్కో ముహాజిర్‌ను ఒక్కో అన్సార్‌తో సోదరుడిగా కలిపారు. అంటే ఊరివాడితో పరిచయం అయింది, పనికి దారి దొరికింది, కష్టమొస్తే తలుపు తట్టే ఇల్లు ఒకటి ఏర్పడింది. బనూ సలిమా వారి కథ ఇంకా దగ్గరిది. వారి ఇళ్లు మస్జిదుకు దూరం. మస్జిదు పక్కన స్థలాలు ఖాళీ అయ్యాయని తెలిసి అక్కడికి మారిపోదామనుకున్నారు. దైవప్రవక్త (స) వారిని ఉన్నచోటే ఉండమన్నారు, నడిచి వచ్చే అడుగులన్నీ మీ లెక్కలో రాయబడతాయన్నారు. మదీనా అంచులు ఖాళీ అయిపోకూడదన్న ఆలోచన కూడా అందులో ఉందని వ్యాఖ్యాతలు చెబుతారు. మస్జిదు గోడను ఆనుకుని ఇల్లుంటేనే దీన్ నిలుస్తుందనుకునేవారు ఈ హదీసును తీరిగ్గా చదవాలి. గల్ఫ్ నగరాల్లో మస్జిదు లేని పేట లేదు, అజాన్ ఎక్కడికైనా వినబడుతుంది. అది చూసుకోనక్కర్లేదు. చూసుకోవలసినవి వేరే ఉన్నాయి.

పొరుగువాడంటే మనవాడే కానక్కర్లేదు. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిసా సూరా 36వ ఆయతు బంధువైన పొరుగువాడినీ, బంధువు కాని పొరుగువాడినీ, పక్కనే ఉండే సహచరుడినీ విడివిడిగా పేర్కొని అందరితోనూ మేలుగా మెలగమంటుంది. ఈ మూడో మాట వింటే నాకు బెడ్‌స్పేసులో పై మంచం మీదివాడే గుర్తొస్తాడు. హజ్రత్ ఆయిషా (రజి) తమ ఇద్దరు పొరుగువారిలో ముందుగా ఎవరికి కానుక పంపాలని అడిగితే, ఎవరి తలుపు దగ్గరో వారికి అన్న జవాబు వచ్చింది. తలుపు దూరం చూడమన్నారు, కులగోత్రాలు చూడమనలేదు. 2023 రంజాన్‌లో, ఏప్రిల్ 15న, దుబాయి దేరాలోని అల్ రాస్‌లో ఒక పాత మేడ అంటుకుని 16 మంది చనిపోయారు. వారిలో కేరళకు చెందిన హిందూ దంపతులున్నారు. ఆ రోజు విషు పండగ. పండగ వంటను సాయంత్రం ఇఫ్తారుకు తమ పొరుగు ముస్లిం కుర్రవాళ్లకు పెట్టాలని వారు వండుతుండగా ఆ ప్రమాదం జరిగిందని పత్రికలు రాశాయి. అలాంటి పొరుగు దొరికిన పేటను మనోళ్లు లేరని వదులుకునేవాడు ఏం పోగొట్టుకుంటున్నాడో ఆలోచించాలి. అలాగే ఆ మేడ కూడా పాతదే, ఇరుకుదే అన్నది మరువకూడదు. మంచి పొరుగు ఉన్నంత మాత్రాన మంట ఆగదు. రెండూ కావాలి.

భార్యాపిల్లల్ని తీసుకెళ్లేవారి సంగతి వేరు. వీరు తక్కువమందే. సౌదీలో 2017 జూలై నుంచి ఒక్కో కుటుంబసభ్యుడికి నెలకు 100 రియాళ్ల చొప్పున రుసుము పెట్టి, ఏటా పెంచి 2020కి 400 చేశాక ఎన్నో కుటుంబాలు ఊరికి తిరిగొచ్చేశాయి. ఉన్నవారైనా ఇల్లు చూసేటప్పుడు తమ పని దగ్గరో కాదో చూసుకుంటారు గాని, పగలంతా ఆ ఇంట్లో ఉండేది భార్య అన్నది మరిచిపోతారు. చిలమత్తూరులో నలుగురు తోడికోడళ్ల మధ్య, వీధి అరుగుల మధ్య పెరిగిన పిల్లను తొమ్మిదో అంతస్తులో తలుపు వేసి ఉంచితే ఏమవుతుంది? కింద నడిచి వెళ్లగలిగే బఖాలా, పిల్లల బడి బస్సు ఆగే చోటు, ఉర్దూయో తెలుగో మాట్లాడే ఆడమనిషి ఒక్కరు అదే మేడలో ఉన్నారా అన్నది. జీతం కొంచెం తగ్గినా జిద్దాలో అజీజియా వంటి పేటల్లో మన కుటుంబాలు ఇళ్లు వెతుక్కోవడం ఇందుకే, బడి దగ్గర, మాట దగ్గర. ఇల్లు ఖాయం చేసే ముందు ఆమెను ఒకసారి పగటిపూట ఆ వీధిలోకి తీసుకెళ్లి చూపించండి. రాత్రి ఎనిమిదింటికి ఏ వీధైనా బాగానే ఉంటుంది.

ఏ ఎంపికా లేనివారు కొందరున్నారు. కడప, అన్నమయ్య, అనంతపురం, సత్యసాయి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లు, డ్రైవర్లు, వంటవాళ్లు. యజమాని ఇల్లే వారి ఇల్లు. వంటింటి పక్క గదో, డాబా మీది రేకుల గదో. కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం ఇంటిపనివారికి తగిన వసతి ఇవ్వాలనీ, వారానికొక రోజు సెలవివ్వాలనీ చెబుతోంది. అమలు ఇంటిని బట్టి ఉంటుంది. ఆ సెలవు దొరికిన అదృష్టవంతులు శుక్రవారం కువైట్ సిటీలో మాలియా బస్‌స్టాండు చుట్టూ చేరతారు. నేల మీద దస్తీ పరుచుకుని కూర్చుని ఊరి కబుర్లు, డబ్బు పంపకాలు, ఏడుపులు, నవ్వులు అన్నీ అక్కడే. వారంలో ఆరు రోజులు మొహల్లా లేనివారికి ఆ కొన్ని గంటలే మొహల్లా. అబ్బాసియాలోనో ఫర్వానియాలోనో కుటుంబంతో ఇల్లున్నవారు జుమా తర్వాత ఇలాంటి ఒక్క చెల్లెలిని ఇంటికి పిలిచి అన్నం పెడితే, ఆమెకు కువైట్‌లో ఒక అడ్రసు ఏర్పడుతుంది. కష్టమొచ్చిన నాడు పరుగెత్తడానికి ఒక తలుపు. కూరలో కాసిన్ని నీళ్లు ఎక్కువ పోసి పొరుగువారికి పంపమని అబూజర్ (రజి)కి చెప్పిన మాట మనకూ చెప్పినదే.

పంపేవారి చేతిలోనూ కొంత ఉంది. ఆడవాళ్లు ఇంటిపనికి వెళ్లాలంటే ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలన్న నిబంధన 2016 నుంచి ఉంది. మన రాష్ట్రంలో దానికి ఓమ్‌క్యాప్ అనే సంస్థ ఉంది. విజిట్ వీసా మీద పంపిస్తానన్న ఏజెంటు చేతికి పాస్‌పోర్టు ఇవ్వకండి. మగవాళ్ల కాంట్రాక్టులో వసతి ఎవరు ఇవ్వాలి, ఇవ్వకపోతే ఎంత ఇవ్వాలి అన్న గడి ఖాళీగా ఉంటే సంతకం పెట్టనివ్వకండి. ఇక చేరిన వారంలో గదిని ఫోనులో తిప్పి చూపించమని అడగండి. బిర్యానీ పళ్లెం కాదు, కారు ముందు ఫొటో కాదు. మంచం, కిటికీ, తలుపు, మెట్లు, డాబా తలుపు, వంటగ్యాసు సిలిండరు ఎక్కడుందో. చూపించడానికి సిగ్గుపడుతున్నాడంటే ఆ నెల డబ్బు కొంచెం తక్కువ పంపినా సరే, గది మారమని తల్లే చెప్పాలి. అద్దె మిగిల్చి పంపమని ఒత్తిడి చేసేది ఇంటివారే గనుక, ఆ ఒత్తిడి తగ్గించగలిగినదీ వారే.

మన మస్జిదు కమిటీలు నిఖా రిజిస్టరు పెట్టినట్టే దీనికీ ఒక పుస్తకం పెట్టవచ్చు. సెలవు మీద వచ్చిన ప్రతివాడూ తానుండే నగరం, పేట, మంచానికి ఎంత, గదిలో ఎందరు, సివిల్ ఐడిలో అడ్రసు రాయిస్తారా లేదా, ఆ పేటలో తోడుగా ఉండేవారి ఫోను నంబర్లు అందులో రాసి పోవాలి. కొత్తగా వెళ్లేవాడు టికెట్టు తీసే ముందు అది చదవాలి. ఖర్చు ఒక నోటుపుస్తకం, ఒక కలం. వచ్చే బక్రీదుకు సెలవు మీద వచ్చేవారితోనే మొదలుపెట్టవచ్చు.